యోసేపు కథలో మనం దాటేసే 13 ఏళ్ళు

మా పిన్ని కొడుకు ఒక ప్రైవేట్ ఫైనాన్స్ ఆఫీసులో క్యాష్ చూసేవాడు, ఒకరోజు లెక్క తగ్గిందని వాడి మీద పెట్టారు, పది మంది ముందు జేబులు వెతికారు, ఉద్యోగం పోయింది, కేసు ఇంకా నడుస్తోంది. ఆ వారం ఇంటికొచ్చిన వాళ్ళంతా చెప్పింది ఒకటే, యోసేపుని చూడు తమ్ముడూ, జైల్లో వేసినా దేవుడు సింహాసనం ఎక్కించాడు కదా, నీకూ టైమ్ వస్తుంది అని. చెప్పినోళ్ళది మంచి మనసే, అందులో డౌట్ లేదు. వాడు మాత్రం తల ఊపుతూ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అసలు ఈ కథని మనం ఎలా చదువుతున్నాం అనిపించి ఆ రాత్రి బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం 37వ అధ్యాయం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

అన్నలు 20 తులాల వెండికి బానిసగా అమ్మేసే టైమ్‌కి యోసేపుకి 17 ఏళ్ళు. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడినప్పుడు 30. మధ్యలో 13 ఏళ్ళు బానిసగా, ఖైదీగా గడిచాయి. మన ప్రసంగాల్లో ఈ 13 ఏళ్ళు అయిదు నిమిషాల్లో అయిపోతాయి, మిగతా టైమంతా ఫరో ఇచ్చిన ఉంగరం, రథం, సన్నపు నార బట్టలు. ప్రమోషన్ కథ అయిపోయింది అది.

అతన్ని కొనుక్కున్న ఐగుప్తు అధికారి పోతీఫరు ఇంట్లో ఏం జరిగిందో చూడండి. యజమాని భార్య తనతో పడుకోమని ఒక్కరోజు కాదు, రోజూ అడుగుతోంది. ఇతను కుర్రాడు, పరాయి దేశం, సొంతవాళ్ళే అమ్మేశారు, అడిగే దిక్కు లేదు, సరే అంటే బహుశా ఇంట్లో ఇంకా సుఖంగానే ఉండేవాడు. వ్యభిచరించకూడదు అనే ఆజ్ఞ సీనాయి కొండ మీద రాతిపలక ఎక్కడానికి ఇంకా తరాలు పడుతుంది. అయినా ఒప్పుకోలేదు, ముందు యజమాని నన్ను నమ్మాడు అన్నాడు, ఆ తర్వాత దేవుడికి విరోధంగా ఇంత పాపం ఎలా చేస్తాను అన్నాడు. ఈ వరస నాకు ముఖ్యం అనిపిస్తుంది, దేవుడి పేరు ఎత్తే ముందు ఎదురుగా ఉన్న మనిషికి చేసే ద్రోహం గురించి మాట్లాడాడు. ఇంత నిజాయితీకి దొరికింది ఏంటంటే జైలు.

ఇందులో బట్టల సంగతి ఒకటి ఉంది. మొదటిసారి అన్నలు, నాన్న ప్రేమగా కుట్టించిన ఆ విచిత్రమైన నిలువుటంగీని మేకపిల్ల రక్తంలో ముంచి తండ్రికి చూపించారు, ఏదో మృగం తినేసిందని ఆయన నమ్మేశాడు. రెండోసారి అతను తప్పించుకుని పారిపోతే యజమాని భార్య చేతిలో మిగిలిన వస్త్రమే, తన మీద పడ్డాడని ఆమె వేసిన నిందకి సాక్ష్యం అయింది. రెండుసార్లూ వస్తువు నిజమైనదే, దాని చుట్టూ అల్లిన కథే అబద్ధం. పైగా ఆమె అతని పేరు కూడా ఎత్తదు, ఈ హెబ్రీయుణ్ణి తెచ్చి మన మీద పెట్టారు అని ముందు ఇంట్లో మనుషులకి చెప్తుంది, తర్వాతే మొగుడికి. ఊళ్ళో ఏదైనా పోతే ముందు ఎవరి ఇల్లు వెతుకుతారో తెలిసినవాళ్ళకి ఈ మాట ఎలా పని చేస్తుందో వివరించక్కర్లేదు. మన రాజమండ్రి సారంగధరుడి కథలోనూ సవతి తల్లి నింద వేస్తే రాజు కొడుకుకే కాళ్ళూ చేతులూ నరికించారు, ఇక బానిస మాట ఎవరు వింటారు. (పోతీఫరుకి కోపం వచ్చిందని ఉంది కానీ ఎవరి మీదో రాయలేదు. చంపించకుండా రాజు ఖైదీలుండే చోట పెట్టించాడంటే పూర్తిగా నమ్మలేదేమో అని నా అనుమానం.)

ఖురాన్‌లో 12వ సూరా మొత్తం యూసుఫ్ కథే, అక్కడ ఈ భాగం ఇంకా ఘాటుగా ఉంటుంది. చొక్కా వెనక నుంచి చిరిగింది కాబట్టి తప్పు అతనిది కాదని ఇంట్లోనే తేలిపోతుంది, తేలిన తర్వాత కూడా జైలుకే పంపుతారు. వీళ్ళు పిలిచే పని కంటే నాకు జైలే ఇష్టం అని అతనే దేవుడితో అంటాడు. తీరా రాజు రమ్మని కబురు పెడితే వెంటనే పరిగెత్తడు, ముందు నన్ను చూసి మైమరచి చేతులు కోసుకున్న ఆ ఆడవాళ్ళ సంగతి తేల్చండి అంటాడు. విడుదల కంటే పేరు మీద మచ్చ పోవడం ముఖ్యం అనుకున్నాడు. ఆదికాండంలో ఆ అదృష్టం కూడా లేదు, నిర్దోషి అని ఎవరూ ప్రకటించినట్టు లేదు, ఫరోకి కలల అర్థం చెప్పే పని పడింది కాబట్టి బయటికి తీశారు, అంతే.

నమ్మకంగా ఉండటం అంటే నోరు మూసుకుని భరించడం అని మనవాళ్ళు కలిపేస్తారే, దానికీ ఈ కథలో ఆధారం లేదు. 37వ అధ్యాయంలో గుంటలో పడేసినప్పుడు యోసేపు ఒక్క మాట అన్నట్టు ఉండదు, కానీ 42లో అన్నలే ఒప్పుకుంటారు, వాడు బతిమాలుతుంటే మనం వినలేదు అని. జైల్లో తోటి ఖైదీ, విడుదలై వెళ్ళబోతున్న పానదాయకుల అధిపతితో (ఫరోకి పానీయం అందించే వాళ్ళ పెద్ద) కూడా నేరుగా చెప్పాడు, నన్ను దొంగిలించి తెచ్చారు, ఇక్కడా నేనేం చెయ్యలేదు, ఫరోకి నా సంగతి చెప్పు అని. ఆయన మర్చిపోయాడు, రెండేళ్ళు గడిచాయి. మనిషి మీద ఆధారపడినందుకే దేవుడు ఆ రెండేళ్ళు శిక్ష వేశాడని కొందరు ప్రసంగిస్తారు, వాక్యంలో ఆ మాట ఎక్కడుందో చూపిస్తే బాగుండు. అన్యాయం జరిగినవాడు లాయర్‌ని పెట్టుకుంటే విశ్వాసం తగ్గినట్టు మాట్లాడేది ఇలాంటి వాళ్ళే.

ఇంకోటి, దేవుడు ముత్తాత అబ్రాహాముతో మాట్లాడాడు, తండ్రి యాకోబుతో మాట్లాడాడు, యోసేపుతో నేరుగా ఒక్కసారి కూడా మాట్లాడినట్టు రాసి లేదు. యెహోవా అతనికి తోడుగా ఉన్నాడు అని 39వ అధ్యాయం మళ్ళీ మళ్ళీ చెప్తుంది, కానీ అది చదివే మనకి చెప్పిన మాట, ఆ చీకట్లో ఉన్నవాడికి ఎవరు చెప్పారు?

ఇక సింహాసనం, అంటే ఫరో తర్వాతి స్థానం. అది కూడా మనం అనుకున్నంత శుభ్రమైన ముగింపు కాదు, 47వ అధ్యాయంలో కరువు టైమ్‌లో జనం పశువులూ భూములూ ఫరో పేరు మీదికి వెళ్ళిపోతాయి, జనమే దాసులవుతారు, చేయించింది యోసేపే. పెద్ద కొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు, దేవుడు నా బాధ మర్చిపోయేలా చేశాడు అని. మర్చిపోయాడా? అన్నలు ఎదురుపడ్డాక పదే పదే పక్కకెళ్ళి ఏడుస్తాడు. యాకోబు ఐగుప్తులో 17 ఏళ్ళు బతికి చనిపోయాక కూడా అన్నలు భయపడి, క్షమించమని నాన్న చెప్పాడు అంటూ కబురు పెడితే, అది విని మళ్ళీ ఏడ్చాడు, అప్పటికి దేశమంతా అతని చేతిలోనే ఉంది.

మా తమ్ముడు ఇప్పటికీ ప్రతి ఆదివారం చర్చికి వస్తాడు. వెనక డోర్ దగ్గర కూర్చుంటాడు. సాక్ష్యాలు చెప్పే టైమ్ అయ్యేసరికి లేచి బయటికెళ్ళి బండి దగ్గర నిలబడతాడు, మళ్ళీ ప్రార్థనకి లోపలికొస్తాడు.