కుక్కను రాత్రిళ్లు మిద్దె మీద కట్టేయమంటున్న మెసేజీకి జవాబు

తిరుపతిలో ఈమధ్య కాలనీ గ్రూపుల నుంచి బంధువుల గ్రూపుల దాకా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. "పెంపుడు కుక్కను రాత్రి ఇంట్లో పడుకోనివ్వకండి, గేటు దగ్గరో మిద్దె మీదో కట్టేయండి. లోపల పడుకునే కుక్క కాపలా కాయదు. ఒంటి నిండా బొచ్చుంది కాబట్టి దానికి ఎండా చలీ తెలియవు. దాని వెంట్రుక కడుపులోకి పోతే గడ్డలు లేస్తాయి. కుక్క తిరిగే ఇంట్లో లక్ష్మి నిలవదు." ఇదీ అందులోని సారం. ఇది నమ్మి గొలుసులు కొంటున్నవాళ్లు ఉన్నారు, అందుకే రాస్తున్నాను.

కాపలా సంగతి చూద్దాం. మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినిపించదు, కుక్కకు దాదాపు 45 వేల దాకా వినిపిస్తుంది. హాల్లో తలుపు పక్కన పడుకున్నా గేటు గడియ కదిలితే దానికి తెలిసిపోతుంది. గేటుకు కట్టిన కుక్క మాత్రం దారిన పోయే ప్రతి ఆటోకీ, పాల బండికీ, వీధి కుక్కకీ అరుస్తూనే ఉంటుంది. కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లు ఆ అరుపుకు అలవాటు పడి లేవడం మానేస్తారు. నిజంగా దొంగ వచ్చిన రోజున కూడా లేవరు. గొలుసు చివర ఉన్న కుక్కకు విషం కలిపిన మాంసం ముక్క విసరడం ఎవరికైనా సులువే.

మన ఊరికి ఇంకో భయం కూడా ఉంది. శేషాచలం అడవి మన ఇళ్లకు ఆనుకునే ఉంది. ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో చిరుత కనబడిందన్న వార్త మనకు కొత్త కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైపోయింది. చిరుతకు కుక్క ఇష్టమైన వేట. జీవకోన, కపిలతీర్థం వైపు కొండ కింద ఉన్నవాళ్లు కుక్కను బయట కట్టేస్తే, పారిపోయే దారి కూడా లేకుండా చేసి దాన్ని చిరుతకు అప్పగించినట్టే. ఇంటి ముంగిట్లోకి చిరుతను పిలిచినట్టు కూడా.

ఇక బొచ్చు మాట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే కాస్త పడుతుంది. ఒంట్లో వేడి దిగాలంటే నాలుక చాపి రొప్పడమే దానికి ఆధారం. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కి చూడండి. శ్లాబు ఇంకా కాళ్లను కాలుస్తుంటుంది, బకెట్లో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. దాని మీద రాత్రంతా పడుకోమంటున్నాం. పగ్ లాంటి పొట్టి ముక్కు జాతులకు రొప్పడమే కష్టం, వడదెబ్బకు ప్రాణాలే పోతాయి. చలికాలం కూడా తక్కువేమీ కాదు. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే పడతాయి. 2021 నవంబరులో ఊరు నీట మునిగినప్పుడు, గేటుకు కట్టి ఉన్న కుక్క ఎక్కడికి పోగలదు?

కడుపులో గడ్డల మాట పూర్తిగా గాలి కబురు కాదు, కానీ కారణం వెంట్రుక కాదు. కుక్క పేగుల్లో ఉండే ఒక రకం బద్దెపురుగు గుడ్లు దాని మలంలో బయటికొస్తాయి. అవి మన నోట్లోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి గడ్డలు ఏర్పడతాయి. ఆ పురుగు కుక్కకు ఎలా వస్తుంది? గొర్రెల పచ్చి కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు తినడం వల్ల. కాబట్టి మటన్ కొట్టు దగ్గర పారేసిన ముక్కలు తిననివ్వకండి, డాక్టరు చెప్పిన ప్రకారం నులిపురుగుల మందు వేయించండి, కుక్కను తాకాక చేతులు కడుక్కోండి. రేబిస్ టీకా కూడా తప్పనిసరి. బయట కట్టేసిన కుక్కనే పిచ్చికుక్క కరిచే అవకాశం ఎక్కువ.

లక్ష్మి నిలవదన్నవాళ్లకు ఒక్కటే మాట. దత్తాత్రేయుడి పటంలో కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, కాలభైరవుడి వాహనమే కుక్క. పూజగదిలోకీ వంటింట్లోకీ రానివ్వకపోతే సరిపోతుంది.

అలాగని మంచం ఎక్కించమని నేను అనడం లేదు. 2017లో అమెరికాలో 40 మంది మీద జరిగిన ఒక అధ్యయనంలో, కుక్క గదిలో ఉంటే నిద్రకు పెద్దగా ఇబ్బంది లేదనీ, మంచం మీదికొస్తే మాత్రం నిద్ర కొంత చెడుతోందనీ తేలింది. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిబిడ్డలు పడుకునే గదిలోకి అసలు వద్దు. హాల్లో, పడకగది తలుపు బయట ఉంటే చాలు.

ఇన్నాళ్లూ గొలుసుతో ఉన్న కుక్క మెడ చుట్టూ ఒకసారి చేత్తో తడిమి చూడండి. బొచ్చు రాలిపోయి, చర్మం మొద్దుబారి ఉంటుంది. పొట్టి గొలుసుతో, బరువైన గొలుసుతో అదే పనిగా కట్టేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఈ రాత్రి పది గంటలకు ఒకసారి బయట తిప్పి, హాల్లో పాత దుప్పటి పరిచి, పక్కన గిన్నెలో నీళ్లు పెట్టండి. వేసవైతే దుప్పటి కూడా వద్దు, టైల్స్ మీదే అది హాయిగా పడుకుంటుంది. మొదట్లో కొన్ని రాత్రులు తలుపు గీకుతుంది, మూలుగుతుంది. తిట్టకండి, తిరిగి మిద్దె ఎక్కించకండి. అలవాటు పడుతుంది.