రాతప్రతి ఈనాటి స్క్రీన్ మీద, డిక్షనరీ ముత్తాతల కాలంది

బైబిల్ మీదో గ్రీకు, లాటిన్ సాహిత్యం మీదో రీసెర్చ్ చెయ్యాలంటే ఇప్పుడు నెట్ ఒక్కటుంటే చాలు అంటుంటారు కదా, అది సగమే నిజం. పాత రాతప్రతులు చూడ్డం వరకూ అయితే ఇంత మంచి కాలం ఎప్పుడూ లేదు. 4వ శతాబ్దపు గ్రీకు బైబిల్ రాతప్రతి కోడెక్స్ సైనాయిటికస్ ఆకులు లండన్, లైప్‌జిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయి దగ్గరి మఠం, ఇలా నాలుగు చోట్ల పడున్నాయి, 2009 నుంచి మాత్రం ఒకే సైట్లో ఫ్రీగా చూడొచ్చు. అందులో మార్కు సువార్త చివరి పేజీ తెరవండి. 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది, ఆ కాలమ్‌లో మిగతాదంతా ఖాళీ, పక్క కాలమ్ పైనుంచి లూకా మొదలు. మనం చదివే 9 నుంచి 20 వచనాలు అక్కడ లేవు! పండితుడు చెప్తే వినడం వేరు, ఆ ఖాళీని కళ్లారా చూడటం వేరు.

చిక్కంతా ఆ తర్వాతే. చదివినదానికి అర్థం కోసం ఫ్రీ యాప్‌లో మాట మీద నొక్కితే వచ్చేది చాలాసార్లు పాత డిక్షనరీల అర్థమే: 1890 నాటి స్ట్రాంగ్, 1889 నాటి థేయర్ గ్రీకు డిక్షనరీ, హీబ్రూకైతే 1906 నాటి బ్రౌన్-డ్రైవర్-బ్రిగ్స్. కాపీరైట్ తీరినవి గనక ఫ్రీ, అంతే. థేయర్ డిక్షనరీ వచ్చాకే ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే పాత ఊరి దగ్గర తవ్వకాలు మొదలయ్యాయి, మామూలు జనం రాసుకున్న ఉత్తరాలు, రసీదులు బయటపడ్డాయి, బైబిల్లో తప్ప ఎక్కడా లేవని ఆయన లిస్టు రాసిపెట్టిన మాటల్లో చాలావరకు ఇలాంటి పపైరస్ కాగితాల్లోనూ శాసనాల్లోనూ దొరికాయి. హీబ్రూ సంగతీ అంతే, హీబ్రూకి దగ్గరి భాషలో రాసిన ఉగారిత్ మట్టి పలకలు 1929లో, మృత సముద్రపు చుట్టలనే పాత హీబ్రూ రాతప్రతులు 1947 నుంచి దొరికాయి, 1906 పుస్తకానికి అవెలా తెలుస్తాయి? యాప్ మాత్రం ఏ సంవత్సరం నాటి అర్థమో పైకి చెప్పదు, జనం దాన్నే పట్టుకుని ప్రసంగాలు, వ్యాసాలు రాసేస్తుంటారు, నాకు చిరాకు తెప్పించేది ఇదే.

కొత్త డిక్షనరీలు, గ్రీకు గ్రంథాల పూర్తి డేటాబేస్ డబ్బు కట్టినవాళ్లకే. అలాగని ఫ్రీ అన్నదంతా పాతదేం కాదు. కేంబ్రిడ్జ్‌లోని బైబిల్ పరిశోధన సంస్థ టిండేల్ హౌస్ వాళ్ల స్టెప్ బైబిల్ సైట్ ఉంది, 2010లో వచ్చిన ఎస్‌బీఎల్ (సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్) గ్రీకు కొత్త నిబంధన ఉంది. హోమర్, ప్లేటోలకైతే టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ల పర్సియస్ అనే సైట్ ఉంది, దాంట్లో ఏ మాట నొక్కినా వ్యాకరణంతో సహా విప్పి చూపిస్తుంది, కాకపోతే పక్కన ఇచ్చే ఇంగ్లిష్ అనువాదాలు చాలావరకు పాతవే, కోట్ చేసేముందు అది ఏ ఏడాదిదో చూస్కోండి.