వృత్తి రచయితలు కాగోరువారికి కొన్ని ఆర్థిక సూచనలు

తెలుగులో రచనను వృత్తిగా చేపట్టదలచిన యువతీయువకులు ముందుగా చేయవలసిన పని మంచి ఉద్యోగం సంపాదించుకోవడం. పూర్వం కవులను జమీందారులు పోషించేవారు. ఇప్పుడు ఆ బరువును బ్యాంకులు, ప్రభుత్వ కళాశాలలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు తమకు తెలియకుండానే మోస్తున్నాయి. ఉద్యోగం దొరకని పక్షంలో ఉద్యోగం ఉన్నవారిని పెళ్లి చేసుకోవడం కూడా శాస్త్రసమ్మతమే. వారపత్రికల సీరియళ్ల కోసం పాఠకులు ఎదురుచూసిన 1970, 80 దశకాలను ఎవరైనా ఉదాహరణగా చూపితే, ఆ పత్రికలు చాలావరకు మూతపడ్డాయన్న సంగతిని వారికి మెల్లగా, వీలైతే భోజనం అయ్యాక చెప్పాలి.

వృత్తి అన్నాక లెక్క ఉండాలి కనుక ఒక చిన్న లెక్క చూద్దాం. 500 ప్రతులు వేయడానికి ప్రతికి 80 రూపాయల చొప్పున 40,000 ఖర్చయిందనీ, వెల 150గా నిర్ణయించామనీ, అమ్మిపెట్టేవారికి 40 శాతం కమీషన్ ఇచ్చామనీ అనుకుంటే, అమ్ముడైన ప్రతి పుస్తకానికీ రచయితకు 90 రూపాయలు చేరాలి. అయితే బంధువులకు, సమీక్షకులకు, ముందుమాటలు రాసిన ముగ్గురికి, ముందుమాట అడగనందుకు అలిగిన నలుగురికి కలిపి 200 ప్రతులు ‘ఆత్మీయంగా’ వెళ్లిపోతాయి. మిగిలిన 300 ఒక్కటీ మిగలకుండా అమ్ముడుపోయినా (ఈ ‘పోయినా’ దగ్గర పాఠకులు కాసేపు ఆగాలి) వచ్చేది 27,000. తక్కిన 13,000 రూపాయలను వ్యాపారులు నష్టమంటారు, మనం సాహిత్యసేవ అంటాం. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, సమోసాలు ఈ లెక్కలోకి రావు. అవి సాంస్కృతిక వ్యయం.

సభలో ప్రధాన వక్త, నెల క్రితమే ఇంటికి వెళ్లి ఇచ్చిన పుస్తకాన్ని చేతిలో తిప్పుతూ, “నిన్న రాత్రే అందింది, పూర్తిగా చదవలేకపోయాను” అని మొదలుపెట్టి, చదివినవారు కూడా మాట్లాడలేనంతసేపు మాట్లాడతారు. దీనికి నొచ్చుకోకూడదు. చదివి ఉంటే ఏమనేవారో!

దీర్ఘకాలిక ప్రణాళిక విషయానికి వస్తే, తెలుగుకు జ్ఞానపీఠ పురస్కారం 1970లో విశ్వనాథ సత్యనారాయణకు, 1988లో సి. నారాయణరెడ్డికి, 2012లో రావూరి భరద్వాజకు దక్కింది. మొదటి ఎడం 18 ఏళ్లు, రెండోది 24. ఆరేసి పెరుగుతున్న ఈ శ్రేణి ప్రకారం తరువాతిది 2042లో రావాలి కనుక, నవలను ఈ పాటికే మొదలుపెట్టి ఉండాలి. అంతదాకా ఆగలేనివారికి కేంద్ర సాహిత్య అకాదెమీ యువ పురస్కారం ఉంది గానీ, 35 ఏళ్లు దాటినవారిని అకాదెమీ యువకులుగా గుర్తించదు. మన సభల్లో అరవై దాటినవారిని కూడా ‘వర్ధమాన రచయిత’ అని పరిచయం చేస్తుండగా ఈ నిబంధన కొంత కటువుగానే కనిపిస్తుంది.

చట్టానికి మాత్రం మన మీద అపారమైన నమ్మకం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవే. అటక మీది అట్టపెట్టెలను మనవలు ఏం చేసుకుంటారో చట్టం చెప్పలేదు. ప్రెస్సువారు మాత్రం అడ్వాన్సు లేనిదే ప్లేటు వేయరు.

1954 నాటి మరో చట్టం ఇంకా ఉదారమైనది. ప్రచురించిన 30 రోజుల్లోగా కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని నాలుగు గ్రంథాలయాలకు తలా ఒక ప్రతిని ప్రచురణకర్త సొంత ఖర్చుతో పంపాలి. మనలో ప్రచురణకర్త అంటే రచయితే కనుక తపాలా ఖర్చు కూడా మనదే. అయినా పుస్తకం అందినట్లు వారు రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. తక్కిన 496 ప్రతులు అందుకునేవారిలో అలాంటి బాధ్యత ఎవరికీ లేదు. రెండో పుస్తకం ఎన్ని ప్రతులు వేయమంటారని ప్రెస్సువారు ఫోను చేసినప్పుడు, నాలుగు వేయడానికి ఎంతవుతుందో కనుక్కున్నాను.