జింక మేస్తేనే పంట పండినట్టు

ఆగస్టు మొదట్లో మా టీమ్‌లో ఒక పెద్దాయన నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఎందుకంటే విత్తనాలు వేసుకోవాలన్నాడు. అమెరికాలో డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటూ, కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తూ, విత్తనాల కోసం సెలవు పెట్టే మనిషి కోసం నేను పదకొండేళ్ళుగా ఎదురు చూస్తున్నాను. మాది నారాయణపేట జిల్లా మాగనూరు వైపు. బాపు ఇప్పటికీ పత్తి, కంది వేస్తాడు. ప్రాణం లేచొచ్చి, ఏం పంట సార్ అని అడిగాను. టర్నిప్, ముల్లంగి, ఓట్స్, కొంచెం క్లోవర్ అనే మేత మొక్క అన్నాడు. దిగుబడి ఎంత వస్తుందంటే నన్ను ఎగాదిగా చూసి, "దిగుబడి ఏమిటి, మొత్తం జింకలు తినెయ్యాలి. ఒక్క ఆకు మిగిలినా నా ఏడాది దండగ" అన్నాడు.

దీన్ని ఇక్కడ ఫుడ్ ప్లాట్ అంటారు. ప్లాట్ అనగానే షాద్‌నగర్‌లో గజం ఎంత అని అడిగే జాతి మనది కాబట్టి ముందే చెప్తున్నా, ఇది ఆ ప్లాట్ కాదు. అడవి మధ్యలో అర ఎకరమో పావు ఎకరమో చదును చేసి, తెల్లతోక జింకకు నచ్చే మేత పండించి, అది వచ్చి మేసేలా అలవాటు చేసి, నవంబరులో దాన్ని కాల్చడం. రైతు, వంటవాడు, పెళ్ళిపెద్ద, కసాయి నలుగురూ ఒక్కరే. మన జాతర మేకపోతుకు ఆఖరి రోజు మాత్రమే పసుపు కుంకుమ. ఇక్కడి జింకకు మార్చి నుంచి మర్యాదలే.

ఆ మర్యాదలు చూద్దామని ఒక శనివారం ఆయనతో పాటు మూడు గంటలు కారులో వెళ్ళాను. ముందు మట్టి పరీక్ష చేయించాడట. నేల పులుపెక్కింది, సున్నం వెయ్యాలన్నారట. వేశాడు. అర ఎకరానికి 40 బస్తాలు, దగ్గర దగ్గర టన్ను. అడవిలోకి లారీ రాదు కాబట్టి ఆయనే నాలుగు చక్రాల బండి మీద నాలుగేసి బస్తాలు మోశాడు. తర్వాత గ్లైఫోసేట్ కొట్టి కలుపు చంపాడు, దున్నాడు, మన ట్రిపుల్ 19 ఎరువు చల్లాడు. నేను వెళ్ళిన రోజున మెడకు ఒక సంచి తగిలించుకుని, పిడి తిప్పుతూ, గింజలు చిమ్ముతూ నడుస్తున్నాడు. వెనక రోలర్ లాగే పని నాకిచ్చాడు. మా బాపు నన్ను ఇంజనీరింగ్ చదివించింది సరిగ్గా ఈ పని తప్పించడానికే.

విత్తనాల సంచి మాత్రం మర్చిపోలేను. మన విత్తన ప్యాకెట్ మీద పంట బొమ్మ ఉంటుంది, పురుగుమందు డబ్బా మీద పురుగు బొమ్మ ఉంటుంది. ఇక్కడ విత్తనాల సంచి మీదే పంటను మింగే శాల్తీ బొమ్మ, చెట్టంత కొమ్ములతో! లోపల ఏ గింజ ఉందో వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కళ్ళజోడు పెట్టుకుని విత్తనాల షాపులో ఉన్న మిగతా సంచులన్నీ కూడా చదివాను. ఒకదాంట్లో అలసందలు. ఇంకోదాంట్లో లాబ్‌లాబ్ అని ఏదో ఘనమైన పేరు, తీరా చూస్తే మన అనుములు, మా వైపు అనపకాయ అంటాం, సంక్రాంతికి గింజలొలిచి కూర చేసుకునేది. మరోదాంట్లో జనుము. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వీటికి మంచి గిరాకీ అట. మా అమ్మ వంటింటి డబ్బా ఒకటి, మా పొలం పచ్చిరొట్ట ఒకటి, ఇక్కడ జింకల విందు భోజనం.

మొలకలొచ్చాక చేలో ఒక చోట, మూడడుగుల వెడల్పున గుండ్రంగా ఇనుప జాలీ పాతాడు. ఇది దేనికి సార్ అంటే, జింక లోపలికి రాకుండా అన్నాడు. ఒక్క క్షణం మా ఊరు గుర్తొచ్చింది, హమ్మయ్య ఇంత భాగమన్నా తన కోసం ఉంచుకుంటున్నాడు అనుకున్నాను. కాదట. జాలీ లోపల మొక్క ఎంత ఎత్తు ఉందో, బయట ఎంత ఉందో పోల్చి చూసుకుంటే జింకలు ఎంత తిన్నాయో తెలుస్తుందట. బయట మోడు, లోపల మోకాలెత్తు ఉంటే పంట సూపర్ హిట్. చేను మొత్తం చుట్టూ కంచె వేసుకోవడానికి డబ్బుల్లేక పాత చీరలు కట్టే ఊరి నుంచి వచ్చినవాణ్ణి, నష్టం సరిగ్గా జరుగుతోందా లేదా అని కొలవడానికి కంచె వేసే మనిషిని మొదటిసారి చూశాను.

చేను చివర ఓక్ చెట్టుకు మంచె. పదిహేను అడుగుల నిచ్చెన, పైన మెత్తటి సీటు, కాఫీ కప్పు పెట్టుకోవడానికి గుంట. మన మంచె మీద కూర్చున్నవాడు వడిసెల తిప్పాలి, డబ్బా కొట్టాలి, గొంతు పోయేలా అరవాలి. ఇక్కడ దగ్గొచ్చినా మింగాలి. ముందు రోజు నుంచి వాసన లేని సబ్బుతో స్నానం, వాసన లేని బట్టలు, జింకకు కనబడకుండా ఆకుల డిజైన్ ప్యాంటు, తోటి వేటగాళ్ళకు కనబడేలా పైన మండే నారింజ రంగు చొక్కా. ఆ రంగు జింక కంటికి సరిగ్గా ఆనదట, మనిషి కంటికి మాత్రం మైలు దూరం నుంచి పొడుస్తుంది. మగజింకను రప్పించడానికి సీసాలో ఆడజింక మూత్రం కూడా అమ్ముతారు. కొన్నాడా అని నేను అడగలేదు, కారులో తిరిగి వచ్చేటప్పుడు అద్దాలు దించమంటే దించాడు, అంతే.

చట్టం సంగతి ఇంకా సొగసుగా ఉంటుంది. ఒకప్పుడు మా మిషిగన్ రాష్ట్రంలో పెట్రోల్ బంకుల దగ్గర క్యారెట్లు, చక్కెర దుంపల సంచులు అమ్మేవారు, అడవిలో కుప్పపోసి జింక కోసం కాచుకోవడానికి. 2015లో ఇక్కడి అడవి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకను చిక్కి శల్యం చేసి చంపే జబ్బు బయటపడింది. కుప్ప దగ్గర మూతులన్నీ ఒకచోట చేరితే ఎంగిలితో జబ్బు అంటుకుంటుందని 2019లో రాష్ట్రంలో మేమున్న దక్షిణ ద్వీపకల్పం అంతటా అలా ఎర పోయడం నిషేధించారు. ఫుడ్ ప్లాట్‌కు మాత్రం అడ్డు లేదు. అంటే ఒకే టర్నిప్ దుంప, పీకి కుప్పలో వేస్తే నేరం, నేలలో వదిలేస్తే వ్యవసాయం. మా పెద్దాయన ఈ తేడాను చాలా గంభీరంగా వివరించాడు. నేనూ అంతే గంభీరంగా తలూపాను, అప్రైజల్ దగ్గర పడింది.

వెటకారం కాసేపు ఆపి ఒక మాట చెప్పాలి. వందేళ్ళ కిందట ఈ దేశంలో ఈ జింక అంగడి వేటకు బలై దాదాపు ఖాళీ అయింది. మళ్ళీ కోట్లలోకి వచ్చిందంటే అందులో వేటగాళ్ళ డబ్బూ ఉంది. 1937 చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద వసూలు చేసే పన్నును, ఇప్పుడది 11 శాతం, అడవి జంతువుల సంరక్షణకు ఖర్చు పెడుతున్నారు. ఇప్పుడు మరీ ఎక్కువై కార్ల కింద పడుతున్నాయి, మా ఇంటికీ వస్తున్నాయి.

మా ఇంటి సంగతి. మా ఆవిడ పెరట్లో గోంగూర, బెండ, చిక్కుడు వేసింది. జింక నుంచి కాపాడటానికి వల కట్టాం, ఘాటు సబ్బు ముక్కలు వేలాడదీశాం, కుళ్ళిన కోడిగుడ్డూ వెల్లుల్లీ కలిపిన మందు కొట్టాం. దానికి పక్కింటివాళ్ళు రావడం మానేశారు, జింక మానలేదు. ఒక తెల్లవారుజామున వల కింద నుంచి దూరి గోంగూరను కాడలతో సహా దువ్వెనతో దువ్వినట్టు తినేసింది. మా పెద్దాయనకు ఫొటో చూపించి ఏడుద్దామని వెళ్తే, ఆయన ఫొటో పెద్దది చేసి చూసి, "ఇదేం మొక్క? విత్తనాలుంటే ఇస్తావా?" అన్నాడు.

అప్పుడే నాకు జ్ఞానోదయం అయింది. మాగనూరు, కృష్ణ మండలాల్లో కృష్ణజింకలు మందలుగా పడి పత్తి మొలకలు కొరికేస్తాయి. శాస్త్రం ప్రకారం అది అసలు జింకే కాదు, యాంటిలోప్ అనే వేరే జాతి, కానీ ఈ సంగతి తెలిశాక కూడా మా పత్తికి పెద్ద తేడా పడలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. ఆంధ్రాకు రాష్ట్ర జంతువు అదే. తెలంగాణకు మచ్చల జింక. నీళ్ళ దగ్గర, ఆస్తుల దగ్గర పంచాయితీ తెగలేదు కానీ రైతు చేలో ఎవరు మెయ్యాలో రెండు రాష్ట్రాలకూ ఏకాభిప్రాయం ఉంది. రైతు అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడికి పోతే ఫొటో ఏదంటారు. జింక ఫొటో దిగి వెళ్ళాలి కదా మరి.

కాబట్టి ప్రభుత్వాలకు నా మనవి. పంట నష్టం అనే మాటను రద్దు చేసి, పాలమూరు నుంచి కర్నూలు దాకా జింక తిరిగే ప్రతి చేనునూ ఫుడ్ ప్లాట్‌గా ప్రకటించండి. రైతు పరిహారం అడగడు, ఎందుకంటే నష్టమే లేదు, నూరు శాతం దిగుబడి జింక కడుపులో భద్రంగా ఉంది. అలసంద, జొన్న, అనుము, జనుము వేయడంలో మనకు అమెరికా నేర్పేదేమీ లేదు. మంచె ఉంది, దాని మీద మెత్తటి సీటు వేస్తే చాలు. రైతు రాత్రంతా చలిలో టార్చిలైటుతో తిరిగితే కాపలా అంటున్నాం, దాన్నే వైల్డ్‌లైఫ్ ఎక్స్‌పీరియన్స్ అంటే హైదరాబాదు నుంచి శని ఆదివారాలు టికెట్ కొనుక్కుని వస్తారు. కాల్చడం ఒక్కటే మన పథకంలో ఉండదు. మా పెద్దాయన పథకంలో కూడా ఈ ఏడాది లేకుండా పోయింది.

ఎందుకంటే జింక రాలేదు. సెప్టెంబరులో కెమెరాలో ఒక్కసారి ఎనిమిది కొమ్మలున్న మగజింక పడితే దానికి పేరు కూడా పెట్టుకున్నాడు. తర్వాత ఓక్ చెట్లకు ఎన్నడూ లేనంత కాపు కాసింది, ఓక్ కాయలు నేలంతా రాలాయి, అవి తింటూ జింకలన్నీ అడవి లోపలే ఉండిపోయాయి. నవంబరు 15, తుపాకీ సీజను మొదటి రోజు, ఇక్కడ కొన్ని ఊళ్ళలో స్కూళ్ళకు కూడా సెలవు. ఆ రోజు చీకటితో మంచె ఎక్కి చీకటి పడ్డాక దిగాడు. మొన్న ఫోన్‌లో చేను చూపించాడు. జాలీ లోపల మోకాలెత్తు, బయటా మోకాలెత్తు. నా జన్మలో అంత ఏపైన ముల్లంగి చూడలేదు, ఆయన ముఖం మాత్రం వడగళ్ళ వాన పడ్డ వరి రైతులా ఉంది.

శనివారం పొద్దున బాపుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అక్కడ పొద్దుగూకుతోంది, కంది చేలో ఉన్నాడు, వెనక ఎవరో డబ్బా కొడుతున్న చప్పుడు.

"అంటే గాయన కావాల్నని జింకలకే ఏస్తడా?"

"అవును బాపూ."

"సున్నం గూడ పోస్తడా?"

"టన్ను."

కాసేపు డబ్బా చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"మరి మేసినయా?"

"లేదు బాపూ, ఈ ఏడు ఒక్కటి కూడా రాలేదు. చేను మొత్తం అట్లనే ఉంది."

"అయ్యో పాపం" అన్నాడు బాపు, నిజంగానే నొచ్చుకుని. "మరి అర్జీ పెట్టుకున్నడా?"