ఇంజన్‌కి గేటు పడింది

రైలింజన్ లారీ మీద వస్తోందని మావయ్య చెప్పగానే, బీపీ మాత్ర వేసుకున్నాడా లేదా అన్నట్టు అత్తయ్య వైపు చూశాను. "నిజమేరా, మూడు రోజులై ఇంట్లో ఇదే గోల" అందావిడ.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. మెయిన్ లైను పాతిక మైళ్ళ అవతల నౌపడా మీదుగా పోతుంటే చూస్తూ ఊరుకోలేక, మా రాజావారు 1900లో సొంత రైలు వేయించుకున్నారు. రెండున్నర అడుగుల పట్టాలు, అగ్గిపెట్టెల్లాంటి పెట్టెలు. 1931కి అది గుణుపురం దాకా పాకింది. 2004లో దాన్ని ఆపేసి, పెద్ద లైనుగా మార్చారు. చిన్న లైను ఆఖరి రోజుల్లో మావయ్య దాని మీద డీజిల్ ఇంజన్ నడిపాడు. బండి నడుస్తుండగానే దిగి, జీడిమామిడి పళ్ళు నాలుగు కోసుకుని మళ్ళీ అదే పెట్టె ఎక్కేవాళ్ళమని మా నాన్న చెబుతాడు. ఆ మాట మావయ్య ముందు అనకూడదు.

ఆ రకం ఇంజన్ ఒకటి ఎక్కడో తుప్పు పట్టి పడుంటే, ఒక మ్యూజియం వాళ్ళు తీసుకెళ్తున్నారట. దారి మా ఊరి మీదుగానే.

"ఉన్న రైలు పట్టాల మీదే లాక్కుపోవచ్చుగా?" అన్నాను.

మావయ్య నన్ను జాలిగా చూశాడు. "ఒరే, దాని పేరే జెడ్‌డీఎం. జెడ్ అంటే రెండున్నర అడుగుల పట్టా, డీ అంటే డీజిల్, ఎమ్ అంటే గూడ్సుకీ ప్యాసింజరుకీ రెండింటికీ పనికొచ్చేదని. ఇప్పుడున్న పట్టాల మధ్య అయిదున్నర అడుగులు. నీ చెప్పుల్లో చంటిపిల్లని నిలబెట్టి నడవమన్నట్టుంటది."

పూజ బాధ్యత మనదేనని తనంతట తనే ప్రకటించేశాడు. కొబ్బరికాయ, బూడిద గుమ్మడికాయ, నాలుగు నిమ్మకాయలు, పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక పచ్చ రవికల గుడ్డ. ఇంజన్‌కి రవికల గుడ్డ ఎందుకని అడిగితే, ఆడపిల్ల ఇంటికొస్తుంటే వట్టి చేతులతో పంపుతామా అంది అత్తయ్య. అప్పటిదాకా ఇంజన్ మగదని నా అభిప్రాయం.

ఊరి బయట రైల్వే గేటు దగ్గర కాపు కాశాం. పదకొండింటికి లారీ వచ్చింది. వచ్చిన రెండు నిమిషాలకే గేటు పడింది, గుణుపురం ప్యాసింజరు కోసం. బతికినన్నాళ్ళూ ఎడ్లబళ్ళనీ బస్సులనీ గేట్ల దగ్గర నిలబెట్టిన ఇంజన్, ఇప్పుడు మేకల మంద వెనక బుద్ధిగా ఆగింది. మావయ్య తల తిప్పుకున్నాడు.

సరే, ఆగింది కదా అని పూజ మొదలెట్టాం. నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిక్కొచ్చింది. ఇంజన్ చక్రాల కింద పెడితే అవి తిరగవు, కాయ నలగదు, దిష్టి పోదు. లారీ టైర్ల కింద పెడదామంటే అవి లెక్కపెట్టేకొద్దీ పెరుగుతున్నాయి. "పూజ ఇంజన్‌కా, టైర్ల కంపెనీకా?" అని మావయ్య. చివరికి ముందు టైర్లకి రెండు, వెనక టైర్లకి రెండు పెట్టి, మధ్యవాటికి దణ్ణం పెట్టాం.

ఇంతలో ఇంకో సందేహం లేచింది. పైన కరెంటు తీగలున్నాయి కాబట్టి గేటు ముందు రోడ్డుకి అడ్డంగా ఇనప కమాను ఉంటుంది. దాని కింద 4.67 మీటర్లకు మించిన బండి పోకూడదు. ఇంజన్ ఎత్తెంత? అందరూ మావయ్య వైపు తిరిగారు. "పట్టాల మీద ఎత్తు నాకు తెలుసు. లారీ ఎక్కాక ఎత్తు నాకేటి తెలుసు?" అన్నాడు. లారీ డ్రైవరు హిందీలో, గేటు మనిషి ఒడియాలో, మేకలాయన తెలుగులో ఒకేసారి మొదలెట్టారు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడిన ఊరు మాది. ఆ రోజు అక్కడ వాడిన భాషని మాత్రం ఆయనైనా రాయమనేవారు కాదు. ఎవరో వెదురుగడ తెచ్చి కొలిచి, పడుతుందని తేల్చారు.

ఈ సందడిలో మావయ్య పూజ పళ్ళెంతో సహా ఇంజన్ కేబిన్లోకి ఎక్కేశాడు. హారన్ పిడి లాగాడు. గాలి లేందే అది కూయదని ఆయనకి తెలుసు, అయినా రెండోసారీ లాగాడు. అప్పుడే ప్యాసింజరు వచ్చింది. దాని డ్రైవరు లారీ మీద ఇంజన్‌ని చూసి గట్టిగా హారన్ కొట్టాడు. మావయ్యలో ఏదో కదిలింది. ఎదురుబండికి ఆల్‌రైట్ చూపించాలి కదా! పళ్ళెం మీద వంగి, పచ్చ రవికల గుడ్డ లాగి, కిటికీలోంచి చెయ్యి చాపి ఊపాడు.

ప్యాసింజరు వెళ్ళిపోయింది. గేటు లేచింది. మావయ్య ఇంకా ఊపుతూనే ఉన్నాడు. లారీ డ్రైవరు అద్దంలో పచ్చగుడ్డ చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, పొమ్మంటున్నారనుకున్నాడు. నాలుగు నిమ్మకాయలూ టపటపా పేలాయి. కమాను కింద నుంచి బెత్తెడు సందుతో ఇంజన్ జారిపోయింది, లోపల మావయ్యతో సహా. గుమ్మడికాయ నెత్తికెత్తుకుని అత్తయ్య అలాగే నిలబడిపోయింది.

కాసేపటికి ఫోనొచ్చింది. "పాతపట్నం దాటాం" అన్నాడు.

"రాష్ట్రమే దాటేశావా? ఆపమని చెప్పి దిగు మావయ్యా!"

"రన్నింగులో ఇంజన్ వదిలి దిగితే సస్పెండ్ చేస్తారు."

అత్తయ్య ఫోను లాక్కుంది. "పెన్షన్ తీసుకునే మనిషిని ఎవడు సస్పెండ్ చేస్తాడయ్యా?"

అటు నుంచి జవాబు లేదు. ఆవిడ ఇంటికొచ్చి క్యారేజీలో పులిహోర సర్దింది. నేను స్కూటర్ వేసుకెళ్ళి టెక్కలిలో పట్టుకున్నాను. టీ కొట్టు దగ్గర ఆగి ఉన్న లారీ మీద, కేబిన్లోనే కూర్చుని తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, రవికల గుడ్డతో తుడుచుకుని, "ఎన్ని నిమిషాలు లేటు?" అని అడిగాడు.

పగలని ఆ గుమ్మడికాయతో అత్తయ్య వడియాలు పెట్టింది.