ట్యాబ్లెట్‌కు ఎండ తగలరాదు

విజయవాడలో సినిమా తీయదలచినవారు ముందుగా ప్రకాశం బ్యారేజీకి వీపు పెట్టి నిలబడాలి. దుర్గా ఘాట్ దగ్గర మే నెల ఎండలో ఒక యువ దర్శకుడు ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడం చూసి తరించాను. వెనుక 1957 నుంచీ నిలబడి ఉన్న బ్యారేజీ. చేతిలో ట్యాబ్లెట్. అందులో కంప్యూటర్ వాళ్లు కట్టిన మరో బ్యారేజీ. ఆయన చూస్తున్నది దాన్నే.

దీన్ని వర్చువల్ కెమెరా అంటారు. ట్యాబ్లెట్‌ను ఎటు కదిపితే బొమ్మల లోకంలోని కెమెరా అటు కదులుతుంది. వేలితో తాకితే అంతా పట్టే 24 ఎంఎం లెన్సు పోయి, దగ్గరగా చూపే 85 వస్తుంది. క్రేన్ అద్దెకు తేకుండానే క్రేన్ షాట్ ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. మంచి పనిముట్టే, కాదనను. 2009లో వచ్చిన ‘అవతార్’ కోసం జేమ్స్ కామెరాన్ కూడా వర్చువల్ కెమెరా పట్టుకునే తిరిగాడు. పాపం, ఆయనకు గత్యంతరం లేదు, ఆ సినిమాలోని ఊహాలోకం పండోరాకు బస్సు లేదు. మన బ్యారేజీకి బస్టాండు నుంచి నడిచి రావచ్చు.

దర్శకుడు వంగాడు, మోకరిల్లాడు, ‘డ్రోన్ షాట్’ అంటూ స్టూలెక్కాడు. నదిలో పడకుండా ఒక అసిస్టెంటు ఆయన చొక్కా పట్టుకున్నాడు. సూర్యుడు అడ్డుగా ఉన్నాడని వేలితో ఎడమకు జరిపాడు. తెర మీది సూర్యుడు వినయంగా జరిగాడు. నెత్తి మీది సూర్యుడికి ఇంకా ఆ సంస్కారం అబ్బలేదు. ట్యాబ్లెట్ వేడెక్కి ఆగిపోయింది.

యూనిట్ గుండె ఆగినంత పనైంది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలు దాటిన చోట వాడవద్దని తయారుచేసినవారే చెప్పారు మరి. ‘గొడుగు, గొడుగు’ అని కేకలు. గొడుగు వచ్చింది. పొద్దుటి నుంచీ మెట్ల మీద కూర్చోబెట్టిన జూనియర్ ఆర్టిస్టుల్లో ఒక పెద్దావిడ నెత్తి మీద నుంచి వచ్చింది.

సిగ్గుండాలి. ఆవిడ ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో ఎవరైనా అడిగారా? ఆవిడ నిలబడవలసిన చోటు అంగుళాలతో సహా ట్యాబ్లెట్‌లో ఉంది, ఒక బూడిదరంగు బొమ్మగా. ఆ బొమ్మకు దాహం వేయదు, బత్తా అడగదు. అందుకే ఇంత ప్లానింగులోనూ మంచినీళ్ల క్యాను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. మనుషుల్ని ఎండలో మాడ్చి తీసే షాటు ఎంత గొప్పదైతే ఎవరికి కావాలి?

గొడుగు కింద ట్యాబ్లెట్ కాస్త తేరుకుంది. పక్కనే ఉన్న ఆ గొడుగు నీడ అంచులోకి ఆవిడ మెల్లగా జరగబోయింది.

“పెద్దమ్మా, కొంచెం పక్కకు జరగండి,” అన్నాడు అసిస్టెంటు, ఎంతో మర్యాదగా. “దానికి గాలి తగలాలి.”