పది నిమిషాల ఖీమా మీద శ్వేతపత్రం విడుదల చెయ్యాలి

తెలుగువాళ్ళు ఎక్కడున్నా సమస్యలకి కొదవ లేదు, కాదనను. వీసాలున్నాయి, లేఆఫులున్నాయి, రెండు రాష్ట్రాల నీళ్ళ పంచాయితీ ఉండనే ఉంది. కానీ వాటన్నిటినీ కాసేపు పక్కన పెట్టి జాతి మొత్తం కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం ఒకటి మిగిలిపోయింది, దాని గురించి ఒక్క నాయకుడూ నోరు తెరవట్లేదు. కరెంటు ప్రెషర్ కుక్కర్ రెసిపీల్లో "పది నిమిషాల్లో స్పైసీ ఖీమా, డిన్నర్ రెడీ" అంటున్నారు కదా, ఆ పది నిమిషాలు ఎవరి గడియారంలోవి?

లెక్కలు చూద్దాం. హలాల్ షాపులో గోట్ ఖీమా కొట్టించి తెచ్చి ఫ్రీజర్లో పడేసిన వాళ్ళు అది కరిగేదాకా ఎదురుచూసే టైమ్ వదిలేయండి, అది పూర్వజన్మ ఖాతాలో రాసుకుందాం. ఉల్లిపాయలు సన్నగా తరగాలి. సాటే బటన్, అంటే మూత లేకుండా వేయించే బటన్, నొక్కితే గిన్నె వేడెక్కినట్టు అది ఒప్పుకోవడానికి కొంత సేపు. ఉల్లిపాయలు ఎర్రగా వేగడానికి పది నిమిషాల పైనే, ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత మసాలా వేసినా లాభం లేదు. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోవాలి, ఖీమా వేసి ముద్దలు కట్టకుండా గరిటెతో చిదుపుతూ అందులోంచి ఊరిన నీళ్ళు ఇగిరేదాకా వేయించాలి, పసుపు, కారం, ధనియాల పొడి, టమాటా, ఇవన్నీ అయ్యాక గిన్నె అడుగు గీరి, నీళ్ళు పోసి, మూత పెట్టి, వాల్వ్ తిప్పి, పది అని నొక్కితే, అప్పుడు కూడా పది మొదలవదండి. లోపల ప్రెషర్ రావాలి, దానికో పది నిమిషాలు, వచ్చాక మన అధికారిక పది నిమిషాలు, అయ్యాక ఆవిరి దానంతటదే దిగడానికి ఇంకో పది. ఇంతా చేసి మూత తీస్తే ఖీమా చెరువులో మునిగిపోయిన ఊరిలా ఉంటుంది, మళ్ళీ సాటే నొక్కి ఆ నీళ్ళన్నీ ఇగరబెట్టాలి. దగ్గర దగ్గర గంట.

అయినా ఆ రెసిపీవాళ్ళు చెప్పిన "పది నిమిషాల్లో" ఒక్క అబద్ధం కూడా లేదు చూశారా, గొప్పతనమంతా అక్కడే. చదివినవాళ్ళు మాత్రం ఆకలితో ఉన్న పిల్లల్ని టేబుల్ దగ్గర కూర్చోబెట్టేసి ఉంటారు.

ఇక చరిత్రలోకి వెళ్తే విషయం ఇంకా సీరియస్ అవుతుంది. 1679లో డెనిస్ పపాన్ అనే ఫ్రెంచి ఆయన లండన్ రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం పెద్దల ముందు మూత బిగించిన ఒక ఇనప కుండ పెట్టాడు, మన ప్రెషర్ కుక్కర్‌కి ముత్తాత అదే, పేలిపోకుండా ఉండాలని సేఫ్టీ వాల్వ్ కూడా ఆయనే కనిపెట్టాడు, 1682లో అందులోనే వండి ఆ పెద్దలకి విందు కూడా ఇచ్చాడు. ఇంతకీ ఆ కుండ దేనికి? ఎముకల్ని మెత్తబరచడానికి! ఎద్దు ఎముకలు కూడా జున్నులా అవ్వాలని ఆ మహానుభావుడు అంత కష్టపడితే, మూడు వందల నలభై ఏళ్ళ తర్వాత మనం అందులో ఏం వేస్తున్నాం అంటే, ఎముక అన్నదే లేని, షాపువాడు కత్తితో ముందే కొట్టి కొట్టి పెట్టిన మాంసాన్ని. ప్రెషర్ చెయ్యాల్సిన పనిలో సగం మనకి షాపు చెక్కమొద్దు మీదే అయిపోయింది. కండ పీచు తెగింది, అంతకంటే అణచివేత ఏం కావాలి దానికి? అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు కొట్టిన మాంసం 71 డిగ్రీలకి చేరితే తినొచ్చు అన్నారు, మనం దాన్ని తీసుకెళ్ళి 115, 118 డిగ్రీల్లో బంధించి తాళం వేస్తున్నాం. మానవ హక్కుల వాళ్ళు దీన్ని సుమోటోగా తీసుకోవాలి.

న్యాయంగా మాట్లాడుకుందాం. ముదురు మేక ఖీమా అయితే మూకుట్లో మూత పెట్టి ఇరవై నిమిషాలన్నా మగ్గాలి, కొన్ని మేకలకి అంతకన్నా ఎక్కువ, అందుకే మన ఇళ్ళల్లో మామూలు కుక్కర్లో రెండు మూడు విజిల్స్ ఇప్పిస్తారు. ఆ కుక్కర్లో ప్రెషర్ 15 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దాకా వెళ్తుంది, 120 డిగ్రీల చిల్లర. కరెంటు వాటిల్లో చాలావరకు 10, 12 దగ్గరే ఆగిపోతాయి. అంటే పాతదానికన్నా మెల్లగా ఉడికించే కొత్తది కొనుక్కుని దాన్ని ఫాస్ట్ అంటున్నాం. పైగా దీనికి విజిల్ లేదు. గుంటూరు నుంచి వీడియో కాల్లో అమ్మ "ఎన్ని కూతలొచ్చాయిరా?" అని అడిగితే "కూయదమ్మా, టైమర్ ఉంటుంది" అని చెప్పాలి, ఆవిడ కాసేపు ఆగి "మరి ఉడికిందని దానికెట్టా తెలుస్తదిరా?" అంటుంది. ఈ ప్రశ్నకి సిలికాన్ వ్యాలీలో ఇంతవరకు సమాధానం లేదు.

అసలు మన వంటకి టైమ్ అన్నది ఎప్పుడుంది చెప్పండి. ఖీమా అయిందా లేదా అన్నదానికి మన దగ్గర ఒక్కటే రాజ్యాంగం, నూనె పైకి తేలాలి. తేలిందా, అయింది. తేలలేదా, ఇంకా మగ్గనివ్వు. ఆ కుక్కర్ మీద చూస్తే రైస్ అని, సూప్ అని, గంజికో బటన్, పెరుగుకో బటన్, కొన్నిటికి కేకుకి కూడా ఉంటుంది, "నూనె తేలేదాకా" అనే బటన్ మాత్రం ఎవరూ పెట్టలేదు. పైగా మూత బిగిస్తే ఆవిరి బయటికి పోదు, నీళ్ళు ఇగరవు, కారం మసాలా అన్నీ లోపల ఉడుకుతాయే గానీ వేగవు, అందుకే తినేవాడికి ఖీమా ఒకవైపు, గరం మసాలా ఒకవైపు విడివిడిగా తగులుతాయి. అడుగున ఉల్లిపాయ కొంచెం అంటుకుంటే చాలు స్క్రీన్ మీద "బర్న్" అని వేసి పని ఆపేస్తుంది. మన అమ్మమ్మల చేతిలో సరిగ్గా అక్కడే కూరకి రుచి మొదలయ్యేది. ఇంక ఆ మూతలో ఉండే సిలికాన్ రింగు గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది, ఆదివారం ఖీమా వాసన అది మంగళవారం పాయసం దాకా మోసుకొస్తుంది, అందుకే తెలివైనవాళ్ళు తీపికొకటి కారానికొకటి రెండు రింగులు కొనుక్కుంటారు, మడి అంటే పాతకాలపు చాదస్తం అని నవ్విన వాళ్ళే.

మరి ఇన్ని తెలిసీ ఎందుకు కొన్నారయ్యా అంటే దానికీ కారణాలున్నాయి. కెనడా నుంచి 2010లో ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ వచ్చాక ప్రపంచమంతా కొనింది, మనమూ కొన్నాం. ఆ కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేస్తే, ఒకసారి కొన్న కుక్కర్ పాడవకపోతే రెండోది ఎవరు కొంటారు అన్నవాళ్ళూ ఉన్నారు. చలికాలం కిటికీలు మూసుకున్న అపార్ట్‌మెంట్‌లో మూకుడు పెట్టి మసాలా వేయిస్తే స్మోక్ అలారం కొట్టుకుంటుంది, సాయంత్రం ఇండియా టీమ్‌తో కాల్ ఉంటుంది, స్టవ్ దగ్గర నిలబడి కలిపేదెవరు? మూత పెట్టేసి వెళ్ళిపోవచ్చు, దీనికున్న అసలు సుఖం అదొక్కటే, అది చిన్న సుఖం కాదు. ఇంకోటి కూడా చెప్తారు, ఇది వచ్చాక మగవాళ్ళు వంటలోకి దిగారని. దిగారు, బటన్ దాకా. ఉల్లిపాయలు ఆవిడ తరుగుతుంది, వేయించేది ఆవిడ, ఈయన వచ్చి పది అని నొక్కి, ఫొటో తీసి, "ఈ రోజు డిన్నర్ నాది" అని ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు, అటు నుంచి అత్తగారు చప్పట్ల బొమ్మలు పంపిస్తుంది.

కాబట్టి శ్వేతపత్రంలో ఇవన్నీ రావాలి, మూత బిగించక ముందు ఎంతసేపు, తీశాక ఎంతసేపు, తరిగిందెవరు, నొక్కిందెవరు, రింగు కడిగిందెవరు, పేర్లతో సహా. అమెరికాలో మన తెలుగు సంఘాలు కూడా దీని మీద ఒక తీర్మానం చెయ్యాలి, ఆవిరిని దానంతటదే దిగనిచ్చే నేచురల్ రిలీజ్ వర్గం, వాల్వ్ తిప్పి ఒక్కసారే వదిలేసే క్విక్ రిలీజ్ వర్గం అని రెండుగా చీలిపోయి వేరే వేరే కన్వెన్షన్లు పెట్టుకునే లోపే చేస్తే మంచిది. చికెన్ ఖీమా, టర్కీ ఖీమా వండేవాళ్ళకి మాత్రం చట్టం ఇంకా గట్టిగా ఉండాలి, వాళ్ళకసలు మూత ముట్టుకునే హక్కే ఉండకూడదు, సాటే మీదే వండుకుంటే పావుగంటలో అయిపోతుంది. వినకుండా మూత బిగించి ప్రెషర్ పెట్టారా, బయటికొచ్చేది ఉప్మా, దాని మీద ఎంత కొత్తిమీర చల్లినా దాగదు, చుట్టాలు గుమ్మంలో ఉంటే రెండు గుడ్లు కొట్టి పోసి కలిపేసి మా నెల్లూరు సైడు ఇలాగే చేస్తారండీ అనెయ్యండి, వచ్చినవాళ్ళలో నెల్లూరోళ్ళు లేరని ముందే చూసుకుని.